ఒక్క డ్యామేజీ పీసు

మా తమ్ముడి ఇంట్లో టీవీ కింద ఒక ఖాళీ అర ఉంది. భూపాలపల్లిలో ఇల్లు కట్టుకున్నప్పుడు వడ్రంగి పక్కన నిలబడి, కొలతలు చెప్పి మరీ చేయించుకున్నాడు. వెనుక వైర్లు పోవడానికి బొక్క, పక్కన గాలి ఆడడానికి సందు, ముందు దుమ్ము పడకుండా అద్దం తలుపు, అన్నీ ఉన్నాయి. లేనిదల్లా అందులో పెట్టాల్సిన వస్తువే. మా మరదలు కవిత రోజూ పొద్దున ఆ ఖాళీని తడిబట్టతో తుడుస్తుంది. ఒకసారి అక్కడ దేవుడి పటం పెట్టబోతే వద్దన్నాడట. మామిడికాయ తొక్కు జాడీ పెడితే అలిగి అన్నం తినలేదట. రాబోయేదానికి జాగ ఉండాలంటాడు. ఆలు లేదు చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం అన్న సామెతను చెక్కలో చూడాలనుకునేవాళ్ళు ఎవరైనా మా శ్రీనుగాడి ఇంటికి వెళ్ళొచ్చు. రాబోయేది వీడియో గేమ్ మిషను. వీడికి యాభై దగ్గర పడుతోంది, బొగ్గుగనుల ఆఫీసులో ఉద్యోగం, తల సగం నెరిసింది. ఆ మిషన్లు తరం తర్వాత తరం వచ్చి పోతున్నాయి. వీడు మాత్రం ఒక్కటీ కొనకుండా, ఎప్పుడూ దాని తర్వాతి తరం కోసం ఎదురుచూస్తున్నాడు.

నేను మానుకోటలో స్టీలు సామాన్ల కొట్టు నడుపుతాను. ఆ మధ్య ఒక రోజు మంచి గిరాకీ వేళ కవిత ఫోన్ చేసింది. గొంతు తగ్గించి మాట్లాడుతోందంటే వాడు ఇంట్లోనే ఉన్నాడన్నమాట. "వదినా, ఆయన అంగీ గుండీలు పెట్టుకోలేకపోతున్నడు, నేనే పెడుతున్న. ఎవ్వలికి చెప్పద్దన్నడు, గందుకే నీకు చెప్తున్న" అంది. షుగరు వేళ్ళ కొసలకు ఎక్కిందట. ఎడమ చేయి మరీ మొద్దుబారిందట. పోయిన స్పర్శ తిరిగి రావడం కష్టమని, ఉన్నదాన్ని కాపాడుకొమ్మని దవాఖానలో చెప్పారట. నేను షట్టరు దించి, వరంగల్లులో బస్సు మారి, సాయంత్రానికి భూపాలపల్లి చేరాను. వాడు సోఫాలో కూర్చుని చాయ్ గ్లాసును వేళ్ళతో కాకుండా రెండు అరచేతుల మధ్య పెట్టుకుని తాగుతున్నాడు. చెయ్యి ఎట్లుందిరా అని అడిగాను.

"కొత్తదాంట్ల చిప్పే మారుతదట అక్కా" అన్నాడు.

ఆ తర్వాత గంటసేపు నాకు ఆ చిప్పు సంగతే చెప్పాడు. మెమరీ ఎంత ఉండొచ్చు, వేడెక్కకుండా లోపల ఏం పెట్టొచ్చు, డిస్కు పెట్టే సందు ఉంటుందా లేక దాన్నీ తీసేస్తారా, పాత ఆటలు అందులో ఆడతాయా ఆడవా. కుక్కరు అడుగు ఎన్ని పొరలో చెప్పే సేల్స్ ఏజెంటు ముందు తలూపినట్టు తలూపుతూ కూర్చున్నాను. ఎప్పుడొస్తుందని అడిగితే త్వరలోనే అనుకుంటున్నారన్నాడు. ఎవరనుకుంటున్నారంటే, ఫోనులో అందరూ అన్నాడు. నాకు ఒళ్ళు మండింది. వాడు మాట్లాడుతున్నంతసేపూ ఎడమ బొటనవేలిని కుడిచేత్తో పిసుకుతూనే ఉన్నాడు. ఆ ఆట ఆడాల్సింది బొటనవేళ్ళతో. మిషను వచ్చేనాటికి ఈ వేళ్ళు ఉంటాయా అన్నది అసలు ప్రశ్న. దాని మీద మాత్రం వీడి ఫోనులో ఎవరూ ఏమీ అనుకోవడం లేదు. ఇప్పుడు దొరికేదే ఒకటి కొనుక్కోరాదురా అంటే, నావైపు జాలిగా చూశాడు. "నువ్వే గిట్లంటే ఎట్ల అక్కా? కొత్తది వస్తే పాతది తగ్గుతది. అప్పుడు సూద్దాం."

ఆ మాట వాడిది కాదు, మా నాయినది.

జనగామ స్టేషన్ రోడ్డులో మా కొట్టు. ముందు కొట్టు, వెనుక ఇల్లు, రెండింటికీ మధ్య ఒక పూల పరదా. పరదాకు ఇవతల ఊదుబత్తి, అట్టపెట్టెలు, ఫ్యాన్ల గ్రీజు వాసన. అవతల పప్పు పోపు, తడిసిన గచ్చు వాసన. రెండూ కలిసేచోట మేం హోంవర్కు చేసుకునేవాళ్ళం. కొట్లో మొదట ఫ్యాన్లు, రేడియోలు, తర్వాత మిక్సీలు, ఆపైన టీవీలు. నాయిన పొద్దున్నే వాకిట్లో నీళ్ళు చల్లించి, గల్లాపెట్టెకు దండం పెట్టి, బోణీ అయ్యేదాకా కుర్చీలో కూర్చునేవాడు కాదు. వచ్చిన పార్సిల్ మీది సుతిలి ఒక్కసారి కూడా కోసింది లేదు. ముడి ఎంత బిగిసినా గోటితో విప్పి ఉండకు చుట్టేవాడు. చెక్కపెట్టెల మేకులు పీకి, సుత్తెతో సాపుచేసి, డబ్బాలో వేసేవాడు. మా ఇంట్లో దేవుడి మండపం కూడా టీవీ పెట్టెలోంచి వచ్చిన థర్మకోలే. దాని మీద అమ్మ పసుపు పూసి, ముగ్గు వేసింది కాబట్టి దేవుడికి తేడా తెలియలేదు.

కొట్లో ఉన్న సరుకంతా మాదే. ఇంట్లో వాడేది మాత్రం పాడైన పీసు. ఇది మా ఇంటి చట్టం. సొట్టపడ్డ కుక్కరు, మూత ఒక కంపెనీది జారు ఒక కంపెనీది అయిన మిక్సీ, సెకన్ల ముల్లు ఊడిన గడియారం, ఇవన్నీ రవాణాలో దెబ్బతినో గిరాకీ తిరగ్గొట్టో పరదా దాటి లోపలికి వచ్చినవే. మా పడకగదిలో ఫ్యానుకు అయిదో నంబరు తప్ప ఇంకోటి లేదు. వానాకాలంలో ఉక్కపోస్తే దాని కింద రెండు దుప్పట్లు కప్పుకుని పడుకునేవాళ్ళం. ఆపుకుంటే ఉక్క, వేసుకుంటే వణుకు. ఎవరైనా చుట్టాలు నవ్వితే నాయిన తడుముకోకుండా అనేవాడు, "బాగున్నది అమ్మకానికి, బాగలేనిది వాడకానికి. రెండు ఒక్కతీరుగుంటే మధ్యల పరదా ఎందుకు?" ఇక రెండో చట్టం, మొదటి లాటు ముట్టొద్దన్నది. కొత్త సరుకు ఏదొచ్చినా మొదటి లాటు హైదరాబాదు వాళ్ళు కొని దాని లోపాలు కనిపెట్టాలి, రెండో లాటు వరంగల్లు వాళ్ళు కొని రేటు దించాలి, అప్పుడు మనం వెళ్ళాలి. లోకంలో అందరూ మనకోసమే తొందరపడుతున్నారని ఆయన నమ్మకం.

టీవీకి తగిలించే వీడియో గేమ్ మా ఇంటికి ఆ దారిలోనే వచ్చింది. పాలకుర్తి నుంచి ఒక ఆసామి పిల్లలకని టీవీతోపాటు కొనుక్కుపోయి, వారం తిరక్కుండా వాపసు తెచ్చాడు. రిమోటు మీద ఎడమవైపు బాణం నొక్కితే పనిచేయడం లేదు. నాయిన వేరే పీసు ఇచ్చి పంపాడు. అది పరదా దాటింది. దాంతో వచ్చిన రెండో రిమోటు మాత్రం బాగుంది. బాగున్నది కాబట్టి అది కొట్లోనే ఉండిపోయింది. పిల్లలిద్దరు, రిమోటు ఒకటి. అది కూడా ఎడమకు పోనిది. మేం దానికీ ఒక దారి కనిపెట్టాం. పక్కపక్కన ఆనుకుని కూర్చుని, ఎడమ సగం వాడు పట్టుకునేవాడు, కుడి సగం నేను. నడిపించడం వాడి పని, దుంకించడం నాది. తెర మీద టోపీ పెట్టుకున్న ఒక పొట్టివాడు కుడివైపుకు పరుగెత్తుతూనే ఉండేవాడు. నాణెం వదిలేస్తే వదిలేసినట్టే, వెనక్కి పోవడం లేదు. "ఆగవేందిరా" అని నేను, "దుంకవేందే" అని వాడు. రోజుకొకసారైనా వాడిని గిల్లేదాన్ని. మధ్యాహ్నం నాయిన అన్నం తిని, గల్లా పక్కన చాప మీద కునుకు తీసే వేళ మాత్రమే ఆట. ఆయన గురక ఆగితే ఆట ఆగాలి.

అప్పుడు శ్రీనుగాడు ఒక వార్త మోసుకొచ్చాడు. స్టేషన్లో పుస్తకాల బండి దగ్గర నిలబడి, కొనకుండా చదివిన ఇంగ్లీషు పత్రికలో ఉందట. కొత్త మిషను వస్తోందట. అందులో మనిషికి నీడ పడుతుందట. వెనుక కొండలు మెల్లగా, ముందు చెట్లు జోరుగా కదులుతాయట. వాడికి అర్థమైందెంతో, అల్లుకున్నదెంతో దేవుడికెరుక. అది మొదలు వాడికి తిండి మీద ధ్యాస లేదు. నాయిన కాళ్ళు పిసుకుతూ అడిగాడు, తెప్పిస్తావా అని. నాయిన కళ్ళు మూసుకునే జవాబిచ్చాడు. మొదటి లాటు ముట్టేది లేదు. రెండో లాటు కూడా పోయాక కొట్టుకు తెప్పిస్తాడు. పదిలో ఒకటన్నా చెడిపోయి వస్తుంది కదా, అది మీదే అన్నాడు.

ఇలాంటి వరం పొందిన పిల్లలు ఇంకెక్కడన్నా ఉంటారా? లోకంలో పిల్లలు మంచి బొమ్మ ఇమ్మని దేవుణ్ణి అడుగుతారు. మేం పసుపు పూసిన థర్మకోలు ముందు కూర్చుని, ఒక్కటన్నా పాడై రావాలని దండం పెట్టుకున్నాం. మరీ ఎక్కువ పాడు కావొద్దు స్వామీ, ఒక్క బాణం పోతే చాలు, ఏదైనా పరవాలేదు. కుడిది పోతే ఏం చేస్తామని నేనడిగితే, ఎడమకే ఆడే ఆట వెతుక్కుందామన్నాడు. వానాకాలం పోయింది, చలి ముదిరింది. లారీ హారను వినబడ్డప్పుడల్లా పరదా కదిలేది.

చివరికి లాటు వచ్చింది. నాయిన ఎప్పటిలాగే గోటితో ముళ్ళు విప్పాడు. కొట్లో ఏ వస్తువైనా తీసి, ప్లగ్గు పెట్టి చూశాకే అమ్మకానికి ఎక్కాలి కాబట్టి, ఆ పరీక్ష శ్రీనుకే అప్పగించాడు. వాడు ఒక్కొక్కటీ టీవీకి తగిలించి, నాలుగు బాణాలూ నొక్కి, దుంకించి, పక్కన పెట్టాడు. ప్రతి మిషనూ భేషుగ్గా ఉంది. చివరిదాన్ని చేతిలో పట్టుకుని గల్లా అంచు దగ్గర చాలాసేపు నిలబడ్డాడు. కింద గచ్చు. నాయిన అటు తిరిగి అట్టలు మడుస్తున్నాడు. వేళ్ళు కొంచెం వదిలితే చాలు. నేను పరదా సందులోంచి చూస్తున్నాను. వాడు దాన్ని మెల్లగా పెట్టెలో పెట్టి, థర్మకోలు నొక్కి, మూత వేశాడు. సరుకంటే లక్ష్మి అని మాకు పాలతోపాటు పోశారు మరి. అప్పుడన్నాడు, "ఒక్కటన్న పాడుగాలే నాయినా."

నాయిన వాడి తల నిమిరాడు. మంచి లాటు అని సంతోషించి నిమిరాడో, జాలిపడి నిమిరాడో ఈనాటికీ నాకు తెలియదు. సంక్షిప్తంగా చెప్పాలంటే అన్నీ అమ్ముడుపోయాయి. మళ్ళీ లాటు చూద్దాంలే అన్నాడు నాయిన. మళ్ళీ లాటు వచ్చేలోపే దానికంటే కొత్తది వస్తోందని పత్రికలో పడింది. వాడి బతుకు అక్కడ పట్టాలు ఎక్కింది. నేను పెళ్ళి చేసుకుని మానుకోట వచ్చాను, వాడు ఉద్యోగం దొరికి భూపాలపల్లి వెళ్ళాడు, నాయిన పోయాడు, కొట్టు పోయింది. ఆ రెండు చట్టాలు మాత్రం పోలేదు. కొత్త తరం మిషను వచ్చినప్పుడల్లా వాడిది ఒకే వరుస. మొదటి లాటు వద్దు. తర్వాత సన్నగా చేసినది వస్తుందట, ఆగుదాం. సన్నది వచ్చాక, తర్వాతి తరం గురించి మాట్లాడుతున్నారు, ఇప్పుడెందుకు?

కాబట్టి ఆ సాయంత్రం భూపాలపల్లిలో, వాడు నాయిన మాట నాకే అప్పజెప్పినప్పుడు, నేను ఒకటే అడిగాను. సరే, పాతది తగ్గిందా? శ్రీను ముఖం వాడిపోయింది. తగ్గలేదట. పైగా పెరిగిందట. మెమరీ చిప్పులకు కరువొచ్చిందట, ఉన్నవన్నీ ఏవో పెద్ద పెద్ద కంప్యూటర్ల కోసం ఎత్తుకుపోతున్నారట. బజారులో ఏళ్ళ తరబడి ఉన్న వస్తువు ముసలిదైన కొద్దీ ధర ఎక్కుతోందట. "ఆగితే తగ్గాలె గదా అక్కా, పెరుగుడేంది?" అన్నాడు, దగా పడ్డవాడిలా. నాకూ తల తిరిగింది. అమ్మబోతే అడవి, కొనబోతే కొరివి అంటే అర్థముంది. కొనకుండా కూర్చున్నవాడి మీద కూడా కొరివి పడడమేమిటి? నాయిన బతికుంటే ఆ రోజు కొట్టు తెరిచేవాడు కాదు.

అయినా కొనడట. చట్టం తప్పినా, చట్టాన్ని నమ్మినవాడు తప్పడు. నేను కొనిపెడతానంటే చెయ్యి అడ్డం పెట్టాడు. సీలు విప్పని మంచి పీసు ఇంట్లోకి తేవడానికి నీకు మనసెట్లొస్తుందని తిట్టాడు. ఆ మాటతో నాకు దారి దొరికింది.

తిరుగు ప్రయాణంలో హనుమకొండలో దిగి, ఆ మిషన్లు అమ్మే పెద్ద షాపుకు వెళ్ళాను. డ్యామేజీ పీసు ఉందా అని అడిగాను. సేల్స్‌మన్ నన్ను పైనుంచి కిందికి చూశాడు. రిపేరుకా అన్నాడు. కాదు నాయినా, కొనడానికే, కొంచెం చెడిపోయింది కావాలి అన్నాను. అలాంటివి ఉండవు మేడం, అన్నీ సీలు పీసులే అన్నాడు, గర్వంగా. గీత పడ్డది? లేదు. పెట్టె నలిగింది? లేదు. షోకేసులో పెట్టింది? అది అమ్మరట. చిన్నప్పుడు మొక్కిన దేవుడే ఇప్పుడూ కూర్చుని ఉన్నట్టుంది, ఒక్కటన్నా పాడు కానివ్వడం లేదు. చివరికి మంచిదే కొన్నాను. తగ్గింపు ఇవ్వనన్నవాడితో బేరమాడి, ఒక వైరు, ఒక గుడ్డసంచి, నాకొక చల్లటి మజ్జిగ సాధించాను. నా పరువు ఆ మజ్జిగతోనే నిలిచింది.

బస్‌స్టాండులో ఒక మూల బెంచీ మీద కూర్చుని సీలు విప్పాను. తెల్లగా, నున్నగా, కడిగిన గుడ్డులా ఉంది. ఈ చేతులతో ఎన్ని వేల గిన్నెలు అమ్మానో, ఒక్కదానికీ గోరు తగలనివ్వలేదు. మానుకోటలో ఎవరైనా సరుకు ఈడ్చి పెడితే వాళ్ళ ఏడుతరాలను తలుచుకునే మనిషిని. నాయినా, చూడకు అనుకుని, కొట్టు తాళంచెవి తీసి, దాని పక్క మీద జానెడు గీత గీశాను. పళ్ళు జివ్వుమన్నాయి. పక్కన కూర్చున్న ముసలవ్వ నన్ను చూసి జరిగి కూర్చుంది.

మళ్ళీ భూపాలపల్లి బస్సెక్కాను. డ్యామేజీ పీసురా, లారీలో గీత పడిందట, ఎవరూ కొనడం లేదంటే తెచ్చాను అని చెప్పి ముందు పెట్టాను. వాడు అద్దాలు పెట్టుకుని ఆ గీతను అటూ ఇటూ తిప్పి చూశాడు. అరచేత్తో తడిమాడు. గ్యారంటీ ఉందా అన్నాడు. ఉందన్నాను. ఎంత తగ్గించాడన్నాడు. నోటికొచ్చిన మొత్తం చెప్పాను. వాడు తల అడ్డంగా ఊపాడు. "గింత గీతకు గంతేనా తగ్గిచ్చేది? మోసపోయినవ్ అక్కా." జీవితంలో ఎవరి చేతిలోనూ మోసపోని నేను, మోసపోయానని ఒప్పుకుంటూ తల వంచుకోవాల్సి వచ్చింది. కానీ వాడు వాపసు ఇవ్వమనలేదు. చెడిపోయిన పీసు పరదా దాటడం న్యాయమే కదా.

ఖాళీ అరలో అది పట్టలేదు. ఏ తరం మిషనుకు కొలత తీసుకున్నాడో గాని, ఇది దానికంటే లావు. స్టూలు మీద పెట్టాం. కవిత వెళ్ళి తొక్కు జాడీ తెచ్చి అరలో పెట్టి, అద్దం తలుపు మూసింది. పెట్టె తెరవగానే ఆడొచ్చనుకుంటే, ఆ మహాతల్లి ఇంటర్నెట్ నుంచి తన తిండి తాను తెచ్చుకోవడానికి పూటంతా తీసుకుంది. నాయిన రోజుల్లో క్యాసెట్టు ఊది పెడితే ఆట మొదలయ్యేది. ఇంత చిప్పు, ఇంత మెమరీ ఉండి కూడా దీనికి ముందు గోరుముద్దలు తినిపించాలి. పెట్టెలో రిమోటు ఒక్కటే ఉంది. నాయిన ఆత్మ ఆ కంపెనీలో ఏదో కుర్చీలో కూర్చున్నట్టుంది.

పాతకాలం తరహా పరుగు ఆట ఒకటి వెతికి పెట్టాడు. కాసేపు వాడొక్కడే ఆడాడు. ఎడమ బొటనవేలి కింద పుట్టగొడుగులాంటి చిన్న పిడి ఉంది, దాన్ని తోస్తే మనిషి నడుస్తాడు. వేలు దాని మీద ఉందో జారిందో వాడికి తెలియడం లేదు. ప్రతిసారీ తెర మీంచి చూపు దించి, తన వేలిని తానే చూసుకుంటున్నాడు. చూసేలోపు మనిషి గుంటలో పడుతున్నాడు. నాలుగైదు సార్లు పడ్డాక రిమోటు ఒళ్ళో పెట్టుకున్నాడు.

నేను పక్కకు జరిగి ఎడమ సగం పట్టుకున్నాను. కుడి చేయి నయం కదా, నువ్వు దుంకించు అన్నాను. ఎన్నడూ తిరగబడని వరుస అది. వాడు కుడి సగం పట్టుకున్నాడు. నడిపించడం ఎంత కష్టమో నాకప్పుడు తెలిసింది. అన్నేళ్ళు వాణ్ణి ఊరికే గిల్లాను. తెర మీది మనిషికి నీడ పడుతోంది. వెనుక కొండలు మెల్లగా, ముందు చెట్లు జోరుగా కదులుతున్నాయి. ఒక మెరిసే పెట్టె వెనకబడిపోయింది. పోతే పోయిందని నేను కుడికే తోస్తున్నాను. శ్రీను నా చేతి మీద చేయి వేసి ఆపాడు. ఇది బాగున్న రిమోటు అక్కా, ఎడమకు కూడా పోతది అన్నాడు. తోశాను. మనిషి వెనక్కి తిరిగాడు. వాడి ఆ వైపు ముఖం మేం అంతవరకూ చూసి ఎరగం.

పెట్టె తీసుకున్నాక శ్రీను తెర మీంచి చూపు తిప్పకుండానే అన్నాడు.

"లారీల పడ్డ గీత వంకరటింకరగుంటది. గిది తాళంచెవిది."

నా బొటనవేలు ఆగిపోయింది. మనిషి గుంట అంచు మీద నిలబడ్డాడు.

"ఆగినవేందే" అన్నాడు మా తమ్ముడు. "నువ్వు నడిపియ్యి, దుంకేది నేను చూస్కుంట."